నలభై ఏళ్లు... ఇంటి నుంచే!

ఓడెక్కి ప్రపంచమంతా చుట్టివచ్చిన ఓ మనిషి, పల్లెటూళ్లో ఇల్లు తీసుకుని నలభై ఏళ్లపాటు అక్కణ్నుంచే పనిచేశారు. వెళ్లడానికి ఆఫీసు లేదు. అజమాయిషీ చేయడానికి పై అధికారి లేడు. ఒంట్లో సత్తువా అంతంతమాత్రమే. అయినా, మనిషి తన పుట్టుక గురించి ఆలోచించే తీరునే మార్చేసిన పుస్తకం ఆ ఇంట్లోనే పుట్టింది. ఆ మనిషి ఛార్లెస్‌ డార్విన్‌. ఆ ఇల్లు ఇంగ్లండ్‌లోని డౌన్‌హౌస్‌!

లండన్‌ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కి బ్రామ్లీ సౌత్‌లో దిగి, 146 నంబరు బస్సు పట్టుకుంటే డౌన్‌ అనే ఊరు వస్తుంది. పేరుకు ఇప్పుడిది లండన్‌ మహానగరంలో భాగమే. కానీ బస్సు వెళ్తున్నకొద్దీ దుకాణాలు, సిగ్నళ్లు వెనకబడిపోతాయి. దారి సన్నబడుతుంది. అటూ ఇటూ కంచెలా పెంచిన పొదలు, వాటి వెనక పొలాలు. ఊళ్లోని పాత చర్చి దగ్గరే బస్సు ఆగిపోతుంది. అదే ఆఖరి స్టాపు. అక్కణ్నుంచి పది నిమిషాలు నడిస్తే రోడ్డు పక్కన చెకుముకిరాళ్ల గోడ, దాని వెనక తెల్లటి పెద్ద ఇల్లు కనిపిస్తాయి.

ఆ గోడకీ ఓ కథ ఉంది. డార్విన్‌ ఆ ఇంటికి వచ్చిన కొత్తల్లో దారినపోయేవాళ్లంతా కిటికీల్లోంచి లోపలికి తొంగిచూసేవారు. ఆయనకది నచ్చలేదు. రోడ్డును తవ్వించి పల్లం చేయించారు. గోడ కట్టించారు. అంతటితో ఆగలేదు. ఎవరైనా వస్తుంటే ముందే తెలిసేలా తన గది కిటికీ బయట ఓ చిన్న అద్దం కూడా పెట్టించుకున్నారు!

ఇదంతా చదివి ఆయనెవరో ఒంటిపిల్లి రాకాసి అనుకుంటే పొరపాటే. మనుషులు తన వేళ చెడగొట్టకుండా గోడ కట్టుకున్న ఆ పెద్దమనిషే, దాదాపు రెండువేల మందితో ఉత్తరాల స్నేహం నడిపారు. డౌన్‌హౌస్‌ కథంతా ఈ రెంటి మధ్యే ఉంది.

పొగ నుంచి పల్లెకు

బీగిల్‌ ఓడలో అయిదేళ్లు తిరిగి 1836లో ఇంగ్లండ్‌ చేరిన డార్విన్‌ మళ్లీ ఎన్నడూ బ్రిటన్‌ దాటి వెళ్లలేదు. మొదట్లో లండన్‌లో కాపురం పెట్టారు. బొగ్గు పొగ, బండ్ల రొద, సభలు, విందులు. వాటికి తోడు కడుపులో వికారం, వాంతులు, గుండెదడ. ఆ జబ్బేమిటో అప్పటి వైద్యులెవరూ తేల్చలేకపోయారు. అరగంట గట్టిగా మాట్లాడితే ఆ రాత్రంతా నిద్ర ఉండేది కాదు. దాంతో 1842 సెప్టెంబరులో భార్య ఎమ్మా, ఇద్దరు పిల్లలతో ఈ ఊరొచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 33. నెల తిరక్కముందే పుట్టిన పాప మూడు వారాలకే కన్నుమూసింది. అలా కన్నీళ్లతోనే మొదలైంది ఆ ఇంట్లో కాపురం. ఆ దంపతులకు మొత్తం పదిమంది పిల్లలు పుడితే, పెరిగి పెద్దయింది ఏడుగురే.

కింది అంతస్తులో ముందువైపున్న పాత చదువుగది ఇప్పటికీ ఆయన ఉన్నట్టే ఉంటుంది. కిటికీ దగ్గర మైక్రోస్కోపు. గోడ పొడవునా పుస్తకాలు, కాగితాలు సర్దుకునే అరలు. చేతుల కుర్చీకి కాళ్ల కింద చక్రాలు... లేవకుండానే గదంతా తిరగడానికి! డార్విన్‌ బల్ల మీద రాసేవారు కాదు. కుర్చీ చేతుల మీద అడ్డంగా ఓ చెక్క పెట్టుకుని దానిమీదే రాసేవారు. గది మూలలో తెర వెనక ఓ బేసిన్‌. పని మధ్యలో వాంతి వస్తే పరుగెత్తడానికది.

ఆ గదిలో ఉండాల్సిన ఒక వస్తువును మాత్రం ఆయన బయట పెట్టారు. అది నశ్యం జాడీ. డార్విన్‌కు నశ్యం అలవాటు బాగా ఉండేది. పక్కనే ఉంటే అస్తమానం చెయ్యి దానిమీదికే పోతుందని జాడీని హాల్లోని బల్లమీద ఉంచేవారు. కావాలంటే లేచి వెళ్లాలి. జాడీ మూత చప్పుడు వినిపిస్తే ఆయన వచ్చారని ఇంట్లోవాళ్లకు తెలిసిపోయేది. సెల్‌ఫోన్‌ను పక్కగదిలో పెట్టి పనికి కూర్చునేవాళ్లకు ఈ కిటుకు కొత్తేం కాదు!

రోజుకు నాలుగు గంటలే!

2020 మార్చిలో లాక్‌డౌన్‌ వచ్చి, హైదరాబాద్‌, విశాఖ ఇళ్లలో డైనింగ్‌ టేబుళ్లే ఆఫీసులైపోయినప్పుడు చాలామందికి అనుభవమైన కష్టం ఒకటుంది. పని ఎప్పుడు మొదలవుతుందో తెలుసుగానీ, ఎప్పుడు అయిపోతుందో తెలియదు. నూటెనభై ఏళ్ల కిందట డౌన్‌హౌస్‌లో దీనికి విరుగుడుగా దొరికింది గడియారమే.

డార్విన్‌ పొద్దున్నే లేచి కాసేపు నడిచేవారు. పావుతక్కువ ఎనిమిదికల్లా ఒక్కరే ఫలహారం ముగించేవారు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పని. రోజు మొత్తంలో తనకు బుర్ర బాగా పనిచేసే సమయం అదేనని ఆయన నమ్మకం. తొమ్మిదిన్నరకు టపా చూసుకునేవారు. తర్వాత సోఫాలో నడుం వాల్చి, ఇంట్లోవాళ్లు చదివి వినిపిస్తుంటే ఉత్తరాలో నవలో వినేవారు. పదిన్నర నుంచి పన్నెండు దాకా మళ్లీ పని. అంతే! ఈ రోజుకు పని బాగానే అయిందని తృప్తిపడి, కుక్కను వెంటబెట్టుకుని నడకకు బయల్దేరేవారు.

భోజనం తర్వాత పేపరు, ఉత్తరాలకు జవాబులు, కాస్త విశ్రాంతి. నాలుగింటికి మరోసారి నడక. నాలుగున్నర నుంచి మరో గంట పని. రాత్రి ఎమ్మాతో రెండాటలు బ్యాక్‌గామన్‌... పాచికలు వేసి ఆడే ఆట అది. ఎవరెన్ని గెలిచారో ఏళ్ల తరబడి లెక్క రాసిపెట్టారు. 1876లో అమెరికాలోని మిత్రుడికి రాస్తూ, ఎమ్మా 2,490 ఆటలు గెలిస్తే తాను 2,795 గెలిచానని గొప్పగా చెప్పుకున్నారు!

మొత్తం కూడితే అసలు పని నాలుగు గంటలు. మరి ఇంత చిన్న రోజుల్లో అన్ని పుస్తకాలెలా వచ్చాయి? రోజులు చిన్నవే కానీ, ఆయన వాటిని వదల్లేదు. ఓడల అడుగున, సముద్రపు రాళ్లకు అతుక్కుని బతికే బార్నకిల్స్‌ అనే చిన్నచిన్న జీవుల మీద 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు పనిచేశారు. పుట్టినప్పటి నుంచీ నాన్నను అదే పనిలో చూసిన ఓ కొడుకు, ప్రతి తండ్రీ చేసే పని అదేననుకున్నాడు. పక్కింటివాళ్ల దగ్గరికి వెళ్లి, మీ నాన్న బార్నకిల్స్‌ ఎక్కడ చూసుకుంటాడని అడిగాడట!

ఇల్లే ప్రయోగశాల

ఇంట్లో కూర్చుంటే పరిశోధన సాగదనేవాళ్లు ఇక్కడి వంటింటి కప్పు కథ వినాలి. ఓ చిన్న కుంట అంచున మూడు చోట్ల నుంచి మూడు పెద్ద చెంచాల బురద తీసి, కప్పులో వేసి, మూతపెట్టి చదువుగదిలో ఉంచారు డార్విన్‌. మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెట్టారు. ఆరునెలల్లో 537 మొక్కలు వచ్చాయి! పక్షుల కాళ్లకంటిన బురదతో విత్తనాలు దేశదేశాలు దాటతాయనడానికి ఆ కప్పే సాక్ష్యం. విత్తనాలను సీసాల్లోని ఉప్పునీళ్లలో నానబెట్టి, సముద్రం మీద కొట్టుకుపోయినా మొలుస్తాయా అని చూశారు. పెరట్లో పావురాలు పెంచారు. 1863లో మొక్కల కోసం గాజుగది కట్టించారు.

వానపాముల సంగతి ఇంకా విచిత్రం. ఈ ఇంటికొచ్చిన 1842లోనే దగ్గర్లోని పొలంలో సుద్దముక్కలు చల్లించారు. 1871లో, అంటే 29 ఏళ్లకు, అక్కడ కందకం తవ్వి చూస్తే ఆ సుద్ద ఏడంగుళాల లోతున ఉంది. వానపాములు మట్టిని మింగి పైకి తోస్తూ దాన్ని కిందికి దించేశాయన్నమాట. కుండీల్లో వానపాముల్ని ఇంట్లోకి తెచ్చి వాటికి చెవులున్నాయో లేవో కూడా పరీక్షించారు. కొడుకు బసూన్‌ అనే బూర ఊదాడు, ఎమ్మా పియానో వాయించారు. వానపాములు చలించలేదు. ఆ పుస్తకం 1881లో వచ్చింది. అదే ఆయన ఆఖరి పుస్తకం.

పిల్లలు కూడా ఈ పనిలో భాగమే. వాళ్లను చదువుగదిలోకి రావద్దని కసరడం ఆయనకు చేతకాదు. జిగురు పట్టీ కావాలన్నా, దారం కావాలన్నా, సుత్తి కావాలన్నా నాన్న గదికే! మరీ ఎక్కువైతే, ఇప్పటికే చాలాసార్లు వచ్చారర్రా అని ఓపిగ్గా సర్దిచెప్పేవారట. నాలుగేళ్ల కొడుకొకడు, పని మానేసి ఆడుకోవడానికి వస్తే ఆరు పెన్నీలు ఇస్తానని నాన్నకే లంచం ఆశపెట్టాడు! చిత్తుకాగితాలన్నీ పిల్లలకే ఇచ్చేసేవారు. అందుకే 'ఆన్‌ ది ఆరిజిన్‌ ఆఫ్‌ స్పీసీస్‌' రాతప్రతిలో మిగిలిన కొన్ని పేజీల వెనక పిల్లలు వేసిన బొమ్మలుంటాయి. వాళ్లు బొమ్మలు వేసుకోబట్టే ఆ పేజీలు దక్కాయి.

ఇదంతా ఆయన ఒక్కరి గొప్పే అనుకోనక్కర్లేదు. తాతతండ్రులిచ్చిన ఆస్తి ఉంది. ఇంటినిండా పనివాళ్లు ఉన్నారు. అన్నింటికీ మించి ఎమ్మా ఉన్నారు. పదిమందిని కని, ముగ్గుర్ని పోగొట్టుకుని, రోజూ జబ్బుపడే భర్తను చూసుకుంటూ, ఆయన ప్రూఫులు దిద్దుతూ ఆ ఇంటిని నడిపింది ఆవిడే. పెద్దయ్యాక కూతురు హెన్రియెట్టా తండ్రి రాతలు సవరించారు. కొడుకు ఫ్రాన్సిస్‌ ప్రయోగాల్లో సాయపడ్డారు. నిమిషం తేడా రాని ఆ టైంటేబుల్‌ వెనక ఇంతమంది టైం ఉంది.

ఉత్తరాలే చుట్టాలు

1840లో బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చింది. ఒక్క పెన్నీ బిళ్ల అంటిస్తే దేశంలో ఏ మూలకైనా ఉత్తరం చేరేది. రెండేళ్ల తర్వాత పల్లెకు చేరిన డార్విన్‌ దాన్ని పూర్తిగా వాడుకున్నారు. శాస్త్రవేత్తలకే కాదు... పావురాలు పెంచేవాళ్లకు, తోటమాలులకు, దూరదేశాల్లోని అధికారులకు, మిషనరీలకు ప్రశ్నలు రాసి పంపేవారు. తనకొచ్చిన ఉత్తరాల్లో తలాతోకా లేనివాటికి కూడా జవాబివ్వకపోతే ఆయన మనసు ఊరుకునేది కాదు. ఆయన రాసినవీ ఆయనకొచ్చినవీ కలిపి ఇప్పటికీ దాదాపు 15 వేల ఉత్తరాలున్నాయి. వాటిని అచ్చువేసే పని 1974లో మొదలైంది. అది 30 సంపుటాలైంది!

ఆ ఉత్తరాల దారి తెలుగునేలను ఎరిగిన ఓ మనిషి దాకా కూడా వచ్చింది. ఆయన సర్‌ వాల్టర్‌ ఇలియట్‌. ఉత్తర సర్కారు జిల్లాలకు కమిషనర్‌గా చేసిన అధికారి. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిందీ, అక్కడి శిల్పాలను మద్రాసు చేర్చిందీ ఆయనే. 1856లో డార్విన్‌ ఆయనకు ఉత్తరం రాసి, ఇక్కడి పెంపుడు పావురాల, కోళ్ల చర్మాలు పంపమని కోరారు. ఇలియట్‌ పంపించారు. 1859లో వచ్చిన 'ఆరిజిన్‌'లో ఆయన పేరు కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, తెలుగు జిల్లాల్లోని మొక్కల పేర్లతో ఇలియట్‌ కూర్చిన 'ఫ్లోరా ఆంధ్రికా' కూడా అదే 1859లో అచ్చయింది. కలకత్తా మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్‌ బ్లైత్‌ అయితే భారతదేశపు పశుపక్ష్యాదుల గురించి పేజీలకు పేజీలే రాసి పంపేవారు.

మనుషుల్ని కలిసే విషయంలోనూ డార్విన్‌కు ఓ పద్ధతి ఉంది. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్‌ హుకర్‌ ఆయనకు ప్రాణస్నేహితుడు. తన పని కాగితాలు పట్టుకుని డౌన్‌హౌస్‌కు వచ్చి రోజులకు రోజులు ఉండేవారు. ఫలహారం కాగానే డార్విన్‌ చీటీల కట్ట తీసి, అరగంట ప్రశ్నలడిగేవారు. ఆ తర్వాత ఎవరి పని వాళ్లదే. ఊరినీ వదల్లేదు. కూలీనాలీ జనం తలా కాస్త దాచుకుని, రోగం వచ్చినప్పుడు వాడుకునే సంఘానికి ముప్ఫై ఏళ్లు కోశాధికారిగా లెక్కలు రాశారు. 1857 నుంచి మెజిస్ట్రేటుగా స్థానిక తగవులూ తీర్చారు.

ఆ జూన్‌ నెలలో...

ఈ స్నేహాలన్నీ కాలక్షేపం కోసమేనా? కాదని 1858 జూన్‌ చెప్పింది.

జీవులు ఎలా మారుతూ వచ్చాయన్న తన సిద్ధాంతాన్ని డార్విన్‌ 1844లోనే ఓ పెద్ద వ్యాసంగా రాసుకున్నారు. అచ్చుకివ్వలేదు. తాను పోతే దాన్ని అచ్చు వేయించమని ఎమ్మాకు ఉత్తరం రాసి, అందుకు 400 పౌండ్లు తీసిపెట్టమన్నారు. ఆధారాలు ఇంకా కావాలి, ఇంకా కావాలి అంటూ పద్నాలుగేళ్లు గడిపేశారు. అంతలో ఇప్పటి ఇండోనేషియాలోని టెర్నేట్‌ దీవి నుంచి ఆల్ఫ్రెడ్‌ రస్సెల్‌ వాలెస్‌ పంపిన కవరొకటి జూన్‌ 18న ఆయన చేతిలో పడింది. విప్పి చూస్తే అందులో తన సిద్ధాంతమే ఉంది!

అదే సమయంలో కూతురు హెన్రియెట్టాకు డిఫ్తీరియా. పద్దెనిమిది నెలల చిన్నకొడుకుకు స్కార్లెట్‌ జ్వరం. జూన్‌ 28న ఆ బిడ్డ చనిపోయాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అని ఆలోచించే స్థితిలో లేరు డార్విన్‌. అప్పుడు ఆదుకున్నది ఆ ఉత్తరాలే. హుకర్‌, భూగర్భ శాస్త్రవేత్త ఛార్లెస్‌ లయల్‌ భారం తమమీద వేసుకున్నారు. హుకర్‌ ఎప్పుడో చదివిన 1844 వ్యాసం ఒక సాక్ష్యం. అమెరికాలోని ఆసా గ్రేకు 1857 సెప్టెంబరులో ఇదే సిద్ధాంతాన్ని వివరిస్తూ రాసిన ఉత్తరం రెండో సాక్ష్యం. వీటితోపాటు వాలెస్‌ వ్యాసాన్నీ కలిపి 1858 జూలై 1న లండన్‌లోని లినియన్‌ సొసైటీలో చదివించారు. ఆ సభకు డార్విన్‌ వెళ్లలేదు. బిడ్డ పోయిన ఇంట్లోనే ఉండిపోయారు.

వేల మైళ్ల దూరంలో ఉన్న వాలెస్‌ను మాత్రం అడిగే వ్యవధి లేకపోయింది. తర్వాత తెలిశాక ఆయన నొచ్చుకోలేదు. పైగా డార్విన్‌కు చివరిదాకా మిత్రుడిగానే ఉన్నారు. మరుసటి ఏడాది నవంబరు 24న 'ఆరిజిన్‌' వెలువడింది. తొలి ముద్రణ 1,250 ప్రతులు. గదిలో ఒంటరిగా కూర్చుని సాగించిన ఇరవై ఏళ్ల ఆలోచన బయట ఎవరికీ తెలియకుండా పోకపోవడానికి కారణం... నలుగురికి ఎప్పటికప్పుడు చెబుతూ ఉండటమే.

ఇసుకబాట

డార్విన్‌ 1882 ఏప్రిల్‌ 19న ఈ ఇంట్లోనే కన్నుమూశారు. ఊరి చర్చి ఆవరణలోనే మట్టిలో కలవాలని ఆయన కోరిక. కానీ దేశం ఆయన్ను వెస్ట్‌మినిస్టర్‌ అబేకు తీసుకెళ్లింది. 1896లో పోయిన ఎమ్మా మాత్రం ఆ ఊళ్లోనే ఉన్నారు. తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో ఆడపిల్లల బడి నడిచింది. 1929లో మ్యూజియమైంది. 1996 నుంచి ఇంగ్లిష్‌ హెరిటేజ్‌ సంస్థ చేతికొచ్చింది. కింది గదుల్ని డార్విన్‌ కాలంలో ఉన్నట్టే సర్దారు, పైఅంతస్తులో ప్రదర్శన పెట్టారు. అన్ని కాలాల్లోనూ రోజూ తెరిచి ఉండదు కాబట్టి వేళలు కనుక్కుని వెళ్లడం మంచిది.

ఇల్లు చూశాక చాలామంది కాళ్లు తోట చివరకు సాగుతాయి. అక్కడ చెట్ల మధ్య చుట్టూ తిరిగొచ్చే బాట ఒకటుంది. పేరు 'శాండ్‌వాక్‌'... అంటే ఇసుకబాట. 1846లో ఆ నేలను కౌలుకు తీసుకుని మొక్కలు నాటించి డార్విన్‌ వేయించుకున్నదే. రోజూ మధ్యాహ్నం పని ముగియగానే ఇక్కడికే వచ్చేవారు. లెక్క మరిచిపోకుండా మలుపులో కొన్ని చెకుముకిరాళ్లు పేర్చి, ఒక్కో చుట్టుకు ఒక్కో రాయిని కాలితో పక్కకు తన్నేవారు. రాళ్లు అయిపోతే నడకా అయిపోయినట్టే.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు గది ఎంత పెద్దదన్నది అసలు లెక్క కాదని ఆ ఇల్లు చెబుతుంది. పనికి ఓ హద్దు ఉండాలి. ఆ హద్దు దాటి బయటికి నడిచే బాట ఉండాలి. ఎంత దూరాన ఉన్నా, కష్టంలో మన తరఫున నిలబడే నలుగురు ఉండాలి. ఆ నలుగురికి ఈ వారం ఓ కబురు పంపామా, లేదా... చూసుకోవాల్సింది అదే!